మహేంద్రగిరి విజ్ఞానయాత్ర - మార్గదర్శి మాట విలువ

మార్గశిర మాసపు ఉదయాన, మంచు తెరలు విడిపోయిన వేళ, పలాస నుండి ఉత్తర దిక్కుగా చూస్తే చిన్న కొండల వరుసల వెనుక నీలి రంగులో ఒక పెద్ద కొండ తల ఎత్తి కనిపిస్తుంది. మందస వెళ్ళేవారికి అది మరింత దగ్గరగా, మరింత గంభీరంగా కనిపిస్తుంది. అదే మహేంద్రగిరి. ఉద్దానపు కొబ్బరితోటల్లో పుట్టి పెరిగిన మన విద్యార్థులు ఊటీ గురించి, అరకు గురించి అడిగితే చెప్పగలరు. రోజూ కళ్ళెదుట నిలిచే ఈ కొండను గురించి అడిగితే మాత్రం "అది ఒడిశాలో ఉంది కదండీ!" అని ఊరుకుంటారు. దగ్గర ఉన్నదాని మీద మనకు ఆదరణ తక్కువ.

ఆ లోటు తీర్చాలనే సంకల్పంతోనే రెండేళ్ళ క్రితం మన కళాశాల నుండి మహేంద్రగిరికి ఒక రోజు విజ్ఞానయాత్ర ఏర్పాటు చేశాం. ఆ యాత్రలో మేము నేర్చుకున్న చరిత్ర కొంత. చేసిన పొరపాటు వల్ల నేర్చుకున్నది అంతకంటే ఎక్కువ. ఆ రెంటినీ విద్యార్థులకూ, కళాశాల కమిటీ పెద్దలకూ వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కొండ ఎక్కడిది? ఎవరిది?

మహేంద్రగిరి తూర్పు కనుమలలోని ఉన్నత శిఖరాలలో ఒకటి. ఎత్తు 1,501 మీటర్లు. ఒడిశా రాష్ట్రంలో దేవమాలి తరువాత ఇదే ఎత్తయిన శిఖరమని చెబుతారు. నేడు ఇది గజపతి జిల్లాకు చెందినది. ఆ జిల్లా ముఖ్యపట్టణం పర్లాకిమిడి 1936 వరకు మన ప్రాంతంతోపాటు మదరాసు రాష్ట్రంలోనే ఉండేది. ఆ సంవత్సరం ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీలో కొంత భాగం అటు వెళ్ళింది, కొంత ఇటు మిగిలింది. కాగితం మీద గీసిన గీత కొండకూ మనకూ మధ్య పడింది గాని, ప్రకృతి ఆ గీతను గుర్తించలేదు. ఈ కొండల్లో పుట్టిన మహేంద్రతనయ నది కిందికి దిగి, మన జిల్లా నేలను తడిపి, బారువ వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. "తనయ" అంటే కూతురు. కొండ కూతురు మన ఊళ్ళకు వచ్చింది కనుక కొండతో మనకు బంధుత్వం ఉన్నట్లే.

తమిళనాడులో కూడా మహేంద్రగిరి అనే కొండ ఒకటి కలదు. అంతరిక్ష పరిశోధన సంస్థవారు రాకెట్ ఇంజన్లను పరీక్షించేది అక్కడ. విద్యార్థులు ఈ రెంటినీ ఒకటిగా భావించరాదు. 2023 సెప్టెంబరు 1వ తేదీన ముంబయిలో జలప్రవేశం చేసిన "మహేంద్రగిరి" అనే యుద్ధనౌకకు మాత్రం మన తూర్పు కనుమల కొండ పేరే పెట్టారు.

చరిత్రలో ఈ కొండ స్థానం చిన్నది కాదు. కళింగాన్ని ఏలిన తూర్పు గాంగులు తమ రాగిశాసనాలలో తమను మహేంద్రగిరి మీద వెలసిన గోకర్ణస్వామి భక్తులుగా చెప్పుకున్నారు. వారి రాజధాని కళింగనగరం. వంశధార తీరాన ఉన్న మన ముఖలింగమే ఆ నగరమని చరిత్రకారులలో చాలామంది నిర్ణయించారు. అంటే రాజులు ఏలింది మన మైదానాన్నయితే, మొక్కింది ఆ శిఖరానికి. కాళిదాసు రఘువంశంలో రఘుమహారాజు దిగ్విజయయాత్రను వర్ణిస్తూ, ఆయన మహేంద్రాధిపతిని జయించి అతని సంపదను గ్రహించి భూమిని మాత్రం తిరిగి అతనికే విడిచిపెట్టాడని చెప్పాడు. పదకొండవ శతాబ్దంలో తంజావూరు నుండి దండెత్తి వచ్చిన రాజేంద్ర చోళుని విజయాన్ని తెలిపే సంస్కృత, తమిళ శాసనాలు ఈ కొండ మీది ఆలయంలో ఉన్నాయి. వాటి పక్కన పులి, రెండు చేపలు చెక్కి ఉంటాయి. పులి చోళుల చిహ్నం, చేపలు పాండ్యులవి.

శిఖరం మీద చూడదగినవి

పైన ముఖ్యంగా మూడు శివాలయాలు ఉన్నాయి. వాటిని ప్రజలు భీముని గుడి, ధర్మరాజు గుడి, కుంతి గుడి అని పిలుస్తారు. వనవాస కాలంలో పాండవులు కట్టారని జనశ్రుతి. భీముని గుడి చిన్నదే గాని అందులోని రాళ్ళు చిన్నవి కావు. ఒక్కొక్క బండను చూస్తే దానికి భీముని పేరు ఎందుకు పెట్టారో ఎవరూ చెప్పనక్కరలేదు. కుంతి గుడిలోని దేవుణ్ణి గోకర్ణేశ్వరుడని కొలుస్తారు. పరశురాముడు ఈ కొండ మీదనే తపస్సు చేశాడని మరొక నమ్మకం. శివరాత్రికి రెండు రాష్ట్రాల జనం వేల సంఖ్యలో ఎక్కుతారు. విద్యార్థి బృందం ఆ రోజుల్లో వెళ్ళకపోవడమే మంచిది.

మనం ఏ మతానికి చెందినవారమైనా అన్యుల ఆరాధనా స్థలానికి అతిథులుగా వెళుతున్నామన్న స్పృహ ఉండాలి. గుడి ఆవరణలో చెప్పులు విడవాలి. పూజారి గాని పెద్దలు గాని చెప్పిన హద్దు దాటరాదు. ఆ రోజు ఫలహారాల్లో మాంసం లేకుండా చూసుకున్నాం. పులిహోర, పెరుగన్నం, అరటిపళ్ళు తీసుకువెళ్ళాం. మధ్యాహ్నపు నమాజును గుళ్ళకు దూరంగా గడ్డిమైదానంలో చదువుకున్నాం. మా మార్గదర్శి కొంచెం ఎడంగా నిలబడి, మేము ముగించేవరకు ఎవరినీ అటు రానివ్వలేదు. ఆయనను ఆ పని చేయమని ఎవరూ కోరలేదు.

ఆ మార్గదర్శి అరవై ఏళ్ళు దాటిన సవర పెద్ద. ఆయన కొండ కింది గూడెంవాడు. సవర భాష, ఒడియా, తెలుగు మూడూ మాట్లాడతాడు. ఏ చెట్టు బెరడు దేనికి పనికివస్తుందో, ఏ వాగు ఏ నెలలో ఎండుతుందో ఆయనకు తెలుసు. ఆయన మాటలు వింటూ ఉంటే నాకు గిడుగు రామమూర్తిగారు గుర్తుకు వచ్చారు. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో జన్మించిన ఆ మహనీయుడు 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా చేరి, ఈ కొండల్లోని సవరల భాషను వారి నోటనే విని నేర్చుకున్నారు. సవరలను తన ఇంట ఉంచుకొని, వారినే గురువులుగా స్వీకరించి, చివరకు 1931లో సవర భాషకు వ్యాకరణ గ్రంథం అచ్చువేయించగలిగారు. చదువుకున్నవాడు చదువురానివాని ముందు శిష్యుడుగా కూర్చోగలగడం అందులోని గొప్పతనం. ఆ మాట తరగతిలో నేను ఎన్నోసార్లు చెప్పాను. ఆచరించవలసిన రోజు వచ్చినప్పుడు మరచిపోయాను.

మా వలన జరిగిన పొరపాటు

ఆ రోజు డిసెంబరు మొదటి వారం. విద్యార్థులు 38 మంది, వారిలో అమ్మాయిలు 14 మంది. అధ్యాపకులం నలుగురం. తెల్లవారుజామున 5 గంటలకు బయలుదేరవలసినవాళ్ళం 6 దాటాక కదిలాం. పర్లాకిమిడి మీదుగా వెళ్ళి, ఘాటు రోడ్డు ఎక్కి, వాహనాలు ఆగే చోటికి చేరేసరికి పదకొండు కావచ్చింది. నడక మొదలుపెట్టే ముందు మార్గదర్శి అందరినీ కూర్చోబెట్టి రెండే మాటలు చెప్పాడు. "రెండు గంటలకి దిగిపోవాలి బాబూ. దారి తప్పినోళ్ళు ఉన్న కాడే కూకోవాలి, తిరగకూడదు." పిల్లలు నవ్వారు. నేను కూడా చిరునవ్వు నవ్వాను.

రెండు గంటలు అయ్యేసరికి కుంతి గుడి చూడడం మిగిలిపోయింది. ఆయన గడియారం లేకుండానే ఎండను చూసి "పదండి" అన్నాడు. పిల్లలు బతిమాలారు. ఇంత దూరం వచ్చి ఒక్క గుడి చూడకుండా దిగడమా అని నాకూ అనిపించింది. "అర్ధగంటే కదా తాతా!" అన్నాను. ఆయన నా ముఖం ఒకసారి చూసి ఊరుకున్నాడు. యాత్రకు పెద్దను నేను. ఆయన కూలికి వచ్చినవాడు. ఆ తారతమ్యం మా ఇద్దరికీ తెలుసు. పొరపాటు అక్కడే జరిగింది.

మూడు గంటలకు మబ్బు దిగింది. పది అడుగుల దూరంలో మనిషి కనిపించలేదు. తొందర తొందరగా దిగి వాహనాల వద్ద లెక్క చూస్తే 36 మందే ఉన్నారు. డిగ్రీ మొదటి సంవత్సరం అమ్మాయిలు ఇద్దరు లేరు. దారిలో ఊట దగ్గర సీసాలో నీళ్ళు పట్టుకోవడానికి ఆగారని ఒకరు, కాదు ముందే దిగారని మరొకరు. ఆ గంటన్నర నా జీవితంలో మరచిపోలేను. మార్గదర్శి మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. టార్చిలైటు, ఒక దుప్పటి తీసుకొని, ఒక సీనియర్ విద్యార్థిని వెంటబెట్టుకొని పైకి వెళ్ళాడు. ఊటకు కొంచెం పైన ఒక బండ పక్కన ఇద్దరూ ఒకరినొకరు పట్టుకొని కూర్చొని ఉన్నారు. దారి తెలియలేదని గ్రహించగానే అక్కడే కూర్చున్నామని చెప్పారు. ఉదయం ఆయన చెప్పిన మాట ఆ ఇద్దరికే గుర్తున్నది.

రాత్రి పదకొండు గంటలకు పలాస చేరాం. ఒక అమ్మాయి తండ్రి కళాశాల గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. కోపగించుకోలేదు. "మాస్టర్ సాబ్, పిల్లను మీకు అప్పగించాం, కొండకు అప్పగించలేదు" అని మాత్రం అని, కూతురి చేయి పట్టుకొని వెళ్ళిపోయాడు. ఆ మాటకు నా వద్ద జవాబు లేదు.

మరుసటి సంవత్సరం యాత్రకు అమ్మాయిలను పంపరాదని నిర్ణయం జరిగింది. పెద్దల ఆందోళన సహజమే. దానిని నేను తప్పు పట్టను. కాని న్యాయం ఆలోచించాలి. ఆ రోజు మార్గదర్శి మాట విన్నవారు ఆ ఇద్దరు అమ్మాయిలు. వినని వాణ్ణి నేను. శిక్ష మాత్రం విన్నవారికి పడింది. నేను తరువాతి సంవత్సరం కూడా యాత్రకు వెళ్ళాను.

రెండు గంటలకే ఎందుకు?

మార్గదర్శి చెప్పిన వేళ వెనుక శాస్త్రం ఉందని తరువాత లెక్క వేసి చూస్తే తెలిసింది. విద్యార్థులు దీనిని శ్రద్ధగా గమనించాలి.

మహేంద్రగిరికీ సముద్రానికీ మధ్య దూరం నేరుగా కొలిస్తే ముప్పై కిలోమీటర్లలోపే. పగటి ఎండకు వేడెక్కిన కొండచరియల వెంట గాలి పైకి పాకుతుంది. ఆ గాలిలో సముద్రపు తేమ ఉంటుంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఆ లెక్కన పలాసకూ శిఖరానికీ తొమ్మిది, పది డిగ్రీల తేడా ఉంటుంది. పైకి పోయిన గాలి చల్లబడి, అందులోని తేమ మబ్బుగా మారి, మధ్యాహ్నం తరువాత శిఖరాన్ని కప్పివేస్తుంది. కింద నుండి చూసేవారికి అది కొండ మీది మబ్బు. పైన ఉన్నవారికి అదే దారి కనిపించని మంచు.

ఇక కాలం లెక్క. డిసెంబరు మొదటి వారంలో ఇక్కడ సూర్యాస్తమయం 5 గంటల 15 నిమిషాల ప్రాంతంలో అవుతుంది. చెట్ల నీడలో, లోయలో అరగంట ముందే చీకటి పడుతుంది. కనుక 4.45కు ఘాటు రోడ్డు దిగి ఉండాలి. ఆ దిగుడుకు ఒక గంట. అంటే 3.45కు వాహనాలు కదలాలి. లెక్క చూసుకోవడానికి, నీళ్ళు తాగి ఊపిరి తీసుకోవడానికి అరగంట. 3.15కు అందరూ వాహనాల వద్ద ఉండాలి. నడకకు ఒక గంట, వెనుకబడేవారి కోసం పావుగంట. మిగిలింది సరిగ్గా రెండు గంటలు. ఆ పెద్దమనిషి ఈ లెక్క కాగితం మీద వేయలేదు, కాళ్ళతో వేశాడు.

ఇది మన చిన్న కొండకే పరిమితమైన నియమం కాదు. 1996 మే నెలలో ఎవరెస్టు మీద మార్గదర్శకుల వెంట వెళ్ళిన బృందాలలో పలువురు మధ్యాహ్నం రెండు గంటలకు వెనుదిరగాలన్న కట్టుబాటును దాటి శిఖరం వైపు సాగారు. ఆ సాయంత్రం తుఫాను వచ్చింది. ఆ రెండు రోజుల్లో ఎనిమిది మంది మరణించారు. అంత ఎత్తయిన కొండకూ, ఇంత చిన్న కొండకూ ధర్మం ఒక్కటే.

ఋతువు విషయం కూడా చెప్పాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మన తీరాన్ని తాకి ఉద్దానంలోని కొబ్బరి, జీడితోటలను నేలమట్టం చేసిన సంగతి మనం మరువలేము. అదే తుఫాను వర్షానికి కొండల మీద గజపతి జిల్లాలోని బరఘర గ్రామంలో కొండచరియలు విరిగిపడి, వాన నుండి తలదాచుకున్నవారు ప్రాణాలు కోల్పోయారు. తీరాన గాలి చేసే పనిని కొండ మీద నీరు చేస్తుంది. కనుక వానలు వెనుకబట్టేవరకు, తుఫాను హెచ్చరిక ఉన్నప్పుడు యాత్ర మాట తలపెట్టరాదు. నవంబరు చివరి నుండి ఫిబ్రవరి వరకు అనువైన కాలం.

యాత్రకు పాటించవలసిన నియమాలు

గత సంవత్సరం మేము కింది నియమాలు రాసుకొని, వాటి ప్రకారం నడిచాం.

1. బయలుదేరే వేళ 5 గంటలు. ఆలస్యంగా వచ్చినవారి కోసం పావుగంటకు మించి ఆగరాదు. ఉదయం పోయిన గంట సాయంత్రం తిరిగి రాదు.

2. వాహనానికి ఒడిశాలో ప్రవేశించే పర్మిట్ ఉన్నదీ లేనిదీ, అటవీశాఖ అనుమతి అవసరమున్నదీ లేనిదీ ముందుగానే విచారించుకోవాలి.

3. స్థానికుడైన మార్గదర్శిని తప్పక తీసుకువెళ్ళాలి. ఆయన కూలి ముందుగానే మాట్లాడి, బేరమాడకుండా ఇవ్వాలి. భోజనానికి మనతోపాటు కూర్చోబెట్టాలి. వెనుదిరిగే వేళ విషయంలో ఆయన మాటే ఆఖరి మాట. ప్రిన్సిపాలు వచ్చినా దానిని మార్చరాదు.

4. పది మందికి ఒక జట్టు, జట్టుకు ఇద్దరు నాయకులు. ఒకరు ముందు, ఒకరు వెనుక నడవాలి. వెనుక నడిచేవాని వెనుక ఎవరూ ఉండరాదు. ఆగిన ప్రతి చోటా, కదిలే ముందు లెక్క చూడాలి. జట్టు వేగమంటే అందులో నెమ్మదిగా నడిచేవారి వేగమే.

5. ఒక్కొక్కరి వద్ద రెండు లీటర్ల నీళ్ళు, ఒక శాలువా గాని స్వెట్టరు గాని, ఒక ఈల ఉండాలి. కొండ మీద సెల్‌ఫోను సంకేతం అందుతుందన్న ధీమా పనికిరాదు. ఆయాసం, గుండెజబ్బు, మూర్ఛ వంటివి ఉన్నవారు ముందుగా తెలియజేయాలి. దాచడం ధైర్యం కాదు.

6. శాసనాల మీద చేయి వేయరాదు, సుద్ద పూయరాదు, పేర్లు చెక్కరాదు. వెయ్యేళ్ళ అక్షరాల పక్కన మన పేరు రాసుకుంటే అది కీర్తి కాదు. మొక్కలు పీకరాదు. తెచ్చిన కాగితం, ప్లాస్టిక్ సంచి తిరిగి కిందికి తీసుకురావాలి. రఘుమహారాజు సంపద తీసుకొని భూమిని విడిచిపెట్టాడట. మనం ఆ రెండవదానితోపాటు మొదటిదాన్ని కూడా అక్కడే విడిచిపెట్టి రావాలి.

గత సంవత్సరం ఈ నియమాలతో వెళ్ళినప్పుడు కుంతి గుడి కనుచూపు మేరలో ఉండగా రెండు గంటలయింది. అదే మార్గదర్శి నా వైపు చూశాడు. "పదండి తాతా" అన్నాను. కుర్రవాళ్ళు గొణిగారు గాని తిరిగారు. మేము సగం దిగామో లేదో వెనుక శిఖరం మబ్బులో మునిగిపోయింది. అప్పుడు గొణుగుడు ఆగిపోయింది. సాయంత్రం ఏడున్నరకు పలాసలో ఉన్నాం. గుడి ఒకటి చూడకుండా వచ్చాం. కాని మార్గదర్శి వెంట వెళ్ళడమంటే ఏమిటో ఆ విద్యార్థులకు ఆ చూడని గుడే నేర్పింది.

కమిటీ పెద్దలకు మనవి

కొండ ప్రమాదకరమా అంటే, మాట వినని బృందానికి ప్రమాదకరమే. మాట వినే బృందానికి అది తెరిచిన పుస్తకం. మన అమ్మాయిలు మాట వినగలరని వారే నిరూపించారు. వారిని ఇంట ఉంచి, వారి వంతు చరిత్రను కుర్రవాళ్ళ నోట వినిపించడం వారికి చేసే మేలు కాదు. పై నియమాలను కళాశాల నియమాలుగా ఆమోదించి, ఇద్దరు మహిళా అధ్యాపకుల తోడుతో, తల్లిదండ్రుల లిఖితపూర్వక అనుమతితో, వచ్చే డిసెంబరు యాత్రకు అమ్మాయిలను కూడా పంపవలసిందిగా సవినయంగా కోరుతున్నాను. ఆ నియమాలలో ఒక్కటి తప్పినా జవాబుదారీ నాదే.

ఆనాడు మబ్బులో కూర్చున్న ఆ ఇద్దరు విద్యార్థినులు ఈ వేసవిలో డిగ్రీ పూర్తి చేసుకొని వెళ్ళిపోతున్నారు. వారికి మేము బాకీ పడిన యాత్ర బాకీగానే మిగిలిపోయింది. వారిలో ఒకరి చెల్లెలు ఇప్పుడు మొదటి సంవత్సరంలో చదువుతున్నది. గత నెల ఆ తండ్రి కళాశాలకు వచ్చి, నియమాల కాగితం అడిగి తీసుకొని, నిలబడే మొత్తం చదివాడు. "రెండు గంటలకు తిరుగుతారు కదా, మాస్టర్ సాబ్?" అని ఒక్క ప్రశ్న అడిగాడు. "తిరుగుతాం" అన్నాను. జేబులోంచి కలం తీసి సంతకం చేశాడు. కమిటీ అనుమతి ఇస్తే, వచ్చే డిసెంబరు జాబితాలో మొదటి పేరు ఆ అమ్మాయిదే.